పొట్టేలు ఎత్తు, మంద రాబడి



అలంపూరు సంగమానికి ఎగువన, కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నేలను మన పెద్దలు నడిగడ్డ అన్నారు. ఈ నడిగడ్డలో ఒక తరం క్రిందట బాటమీద మంద ఎదురైతే నల్లగా కనిపించేది. ఇప్పుడు చాలా వూళ్ళలో ఎర్రగా కనిపిస్తున్నది. ఆ నల్లది దక్కనీ గొర్రె, ఈ ఎర్రది నెల్లూరు గొర్రె. ఒక జాతి పోయి మరొక జాతి ఎందుకు వచ్చింది, వచ్చినందువల్ల మన చేతికి ఏమి దక్కింది, ఏమి జారిపోయింది అనే సంగతి తెలిస్తే, రేపు సంతలో పొట్టేలును బేరమాడేటప్పుడు చెయ్యి ఎక్కడ వేసి చూడవలెనో తెలుస్తుంది. అందుచేత మందులు, టీకాల మాట ఈ పూటకు పక్కన పెట్టి కొంచెం పాత సంగతులు చెప్పుకుందాం.

దక్కనీ గొర్రె చూపులకు గొప్పది కాదు. ముక్కు వంగి వుంటుంది, చెవులు వాలి వుంటాయి. ఒంటినిండా ముతక బొచ్చు, ఆ బొచ్చు నిండా పల్లేరు కాయలు. ఏటికి రెండుమార్లు కత్తెర వేసినా వచ్చే బొచ్చు కిలో లోపే. ఆ బొచ్చును వడికి, చింతగింజల గంజి పట్టించి నేసినదే గొంగడి. వానలో అదే గొడుగు, చలిలో అదే పరుపు. ఇక ఈ గొర్రెకున్న అసలు గుణం దాని కాళ్ళలోనూ కడుపులోనూ వున్నది. రోజుకు ఎన్ని మైళ్ళు తోలినా నడుస్తుంది. ఎండాకాలంలో మోడు గడ్డి, రాలిన తుమ్మకాయ తిని బ్రతుకుతుంది, బ్రతికి పిల్లనూ సాకుతుంది. కోత అయిన నల్లరేగడి చేలలో మంద కట్టించుకొని, రాత్రికింత అని గింజలు కొలిచిన రైతులు అలంపూరు, మానవపాడు వైపు ఇప్పటికీ వున్నారు. ఎరువు విలువ వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే నెల్లూరు గొర్రె మన గడ్డ మీదికి రావటానికి మోజు ఒక్కటే కారణమనటం అన్యాయం. మిల్లు దుప్పట్లు వచ్చినవి, ప్లాస్టిక్ పట్టాలు వచ్చినవి, గొంగడికి గిరాకీ పడిపోయింది. బొచ్చు అమ్మితే కత్తిరింపు కూలి కూడా గిట్టని రోజులు దాపురించినవి. అదే సమయంలో పట్నాలలో మాంసం ధర పెరిగింది. బొచ్చు లేని గొర్రెకు కత్తెర ఖర్చు లేదు, దాని తోలు నున్నగా వుంటుంది, పిల్లను చూస్తే బేరగాడు ముందుకు వస్తాడు. గత శతాబ్ది చివరి దశకాలలో బ్యాంకు అప్పులతో, ప్రభుత్వ పథకాలతో నెల్లూరు పొట్టేళ్ళు తెలంగాణ పల్లెలకు చేరినవి. మన కాపరి వాటిని నల్ల గొర్రెల మీద వేసినాడు. రెండు మూడు ఈతలు గడిచేసరికి మంద రంగు మారింది. ఉన్నిని వదలి మాంసానికి తిరగటం లెక్క తెలిసిన పనే. దానిని తప్పు పట్టను.

తప్పు ఆ తరువాతి అడుగులో జరిగింది. మాంసం కొరకు నెల్లూరు పొట్టేలును తెచ్చుకొన్నాం గాని, దానిని మాంసం చూసి ఎంచుకోలేదు, ఎత్తు చూసి ఎంచుకొన్నాం.

నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెలన్నింటిలోకీ పొడవరి. అందులో మూడు రకాలు చెబుతారు. తెల్లగా గాని, తల, మెడ మీద లేత గోధుమ మచ్చలతో గాని వుంటే పల్ల. తెల్లని ఒంటి మీద మూతికీ కళ్ళకూ కాళ్ళకూ నల్లని మచ్చలుంటే జోడిపి. ఒళ్ళంతా ఎరుపైతే దొర. ఈ పేర్లన్నీ రంగును బట్టి వచ్చినవే. పాలను బట్టి గాని, బరువును బట్టి గాని ఒక్క పేరైనా రాలేదు, గమనించండి. నెల్లూరు గొర్రెల్లో ఎక్కువ వాటికి మెడ క్రింద రెండు తోలు లోలకులు వేలాడుతూ వుంటాయి. వాటిని చూసి జాతి శుద్ధమని మురిసిపోతాం. ఆ లోలకుల వల్ల చుక్క పాలు పెరగవు, తులం మాంసం పెరగదు.

ఎత్తు సంగతి కూడా తూచి చూద్దాం. భారతదేశపు గొర్రె, మేక జాతుల మీద ఆచార్యగారు వ్రాసిన గ్రంథాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1982లో ప్రచురించింది. ఏ జాతి ఎంత బరువు తూగుతుందో అందులో పట్టీలు వేసి చూపినారు. నెల్లూరు ఆడగొర్రె, దక్కనీ ఆడగొర్రె రెండూ ముప్పై కిలోలకు అటూ ఇటూగానే తూగుతాయి. పక్కపక్కన నిలబెడితే మాత్రం నెల్లూరుది ఒకటిన్నర గొర్రె లాగా కనిపిస్తుంది. కంటికీ కాటాకూ వున్న తేడా ఇది. ఎత్తు కాళ్ళలో వుంటుంది. మాంసం వీపు మీద, నడుములో, తొడలో వుంటుంది. మైసూరు వైపు మండ్య గొర్రె వున్నది, దానినే బన్నూరు గొర్రె అంటారు. కురచ కాళ్ళు, వెడల్పు వీపు. నెల్లూరు పొట్టేలు పక్కన నిలబెడితే మరుగుజ్జులా వుంటుంది. కాని మాంసం పట్టిన తీరులో దానికి సాటి వచ్చే జాతి మన దక్షిణాదిలో లేదని గొర్రెల శాస్త్రం తెలిసినవారంతా ఒప్పుకొన్న మాట.

ఇక మన మందలలో ప్రతి ఏటా జరిగే పని ఒకటి చెబుతాను. కాపరులు కోపగించుకోవద్దు. పిల్లలు పుట్టి మూడు నాలుగు నెలలు అయ్యేసరికి బేరగాడు దొడ్డి దగ్గరికి వస్తాడు. మగపిల్లల్లో అన్నిటికన్నా నిండుగా ఎదిగిన దానిని పట్టుకొంటాడు. పిల్ల పెళ్ళికో, పత్తి విత్తనాల అప్పుకో డబ్బు అవసరం, అమ్మేస్తాం. అంటే ఏ పిల్ల త్వరగా ఎదిగిందో, ఏ తల్లి పాలు బాగా యిచ్చిందో, ఆ రక్తం కసాయి కత్తికి పోయింది. ఎదగక మిగిలిపోయిన మగపిల్ల మందలోనే తిరుగుతూ, వానలు పడి గొర్రెలు ఎదకు వచ్చేనాటికి వాటిని దాటుతుంది. మరుసటి ఏడు పిల్లలు దాని పోలికే. ఇట్లా ఇరవై ఏండ్లు జరిగితే మంద కృశించక ఏమౌతుంది? అప్పుడు మనమే ‘మన జాతి దిగిపోయింది, పెద్ద పొట్టేలు తేవాలె’ అని సంతకు పోతాం. అక్కడ మళ్ళీ ఎత్తు చూసి కొంటాం. ఆ పొట్టేలు తల్లి ఎన్ని పిల్లలను సాకిందో అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. ఒకసారి ఒక కాపరి పెద్దాయనను ‘ఏందే పెద్దాయనా, దీని తల్లిని చూసినవా?’ అని అడిగినాను. ‘పొట్టేలును కొంటున్న గాని తల్లిని కొంటున్ననా సారూ?’ అన్నాడు. నవ్వు వచ్చింది గాని, నష్టమంతా ఆ మాటలోనే వున్నది.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు, ఖరీదు రూ.1,25,000, అందులో ముప్పాతిక వంతు రాయితీ. జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చినారు. 2019 పశుగణనలో తెలంగాణలో 190 లక్షల గొర్రెలు లెక్కకు వచ్చినవి. దేశంలో మొదటి స్థానం మనది, రెండవది ఆంధ్రప్రదేశ్‌ది. సంఖ్యలో ఇంత గొప్ప. అయినా, ఏ గొర్రె ఏ పిల్లను ఈనింది, ఆ పిల్ల మూడు నెలలకు ఎంత తూగింది అని వ్రాసి పెట్టిన మందలు వ్రేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఈ కంటి మోసం మన ఒక్కరిదే కాదు. లోకానికి గొర్రెల పెంపకం నేర్పిన దేశాలు కూడా ఈ గుంటలో పడి లేచినవే.

ఇంగ్లండులో లెస్టర్‌షైరు మండలం డిష్లీ గ్రామంలో రాబర్టు బేక్‌వెల్ అనే రైతు వుండేవాడు. 1725లో పుట్టి 1795లో పోయినాడు. ఆ రోజుల్లో గొర్రెకు ఒళ్ళు, ఎముక ఎంత పెద్దవైతే అంత గొప్ప. బేక్‌వెల్ దానిని తలక్రిందులు చేసినాడు. ఎముక సన్నగా వుండవలె, తిన్న మేత త్వరగా మాంసంగా మారవలె అన్నాడు. అంతకంటె పెద్ద పని ఇంకొకటి చేసినాడు. తన పొట్టేళ్ళను అమ్మక, ఈత కాలానికి ఇంతని అద్దెకు ఇచ్చేవాడు. అద్దెకు తీసుకొన్న రైతుల దొడ్లకు వెళ్ళి, ఏ పొట్టేలు పిల్లలు ఎట్లా ఎదిగినవో చూసి వచ్చేవాడు. బాగా పిల్లల్ని యిచ్చిన పొట్టేలును తిరిగి తన మందలో వేసుకొనేవాడు. పొట్టేలును దాని మొగం చూసి గాక పిల్లలను చూసి తీర్పు చెప్పటం అనే పద్ధతికి అది తొలి మెట్టు. ఆయన గొర్రెకు కూడా లోపం లేకపోలేదు. కొవ్వు మితిమీరింది, పిల్లల సంఖ్య తగ్గింది. ఒక్క గుణం వెంటబడితే మరొకటి జారిపోతుందనటానికి అదీ ఒక నిదర్శనమే.

ఆస్ట్రేలియా కథ ఇంకా చేదు. అక్కడి మెరినో గొర్రె ఉన్నికి పెట్టింది పేరు. 1880 దశకంలో అమెరికాలోని వర్మాంటు నుంచి కొన్ని పొట్టేళ్ళు దిగినవి. వాటి తోలు మెడ నుంచి తోక దాకా ముడతలు ముడతలుగా మడతబడి వుండేది. ముడత ఎక్కువైతే తోలు ఎక్కువ, తోలు ఎక్కువైతే ఉన్ని ఎక్కువ అని పెద్ద పెద్ద ఆసాములు లెక్క వేసినారు. వినటానికి సబబుగానే వున్నది గదా! ప్రదర్శనలలో ముడతలకే బహుమతులు. తీరా చూస్తే కత్తిరించిన ఉన్ని బరువులో చాలా భాగం జిడ్డే. కత్తెర ముడతల్లో తిరగక తోలు తెగేది. మడతల్లో చెమట, మూత్రం నిలిచి ఈగలు గుడ్లు పెట్టి, బ్రతికివున్న గొర్రెకు పురుగులు పట్టేవి. ఇంతలో శతాబ్ది చివర పెద్ద కరువు వచ్చింది. 1890ల మొదట పది కోట్లకు మించి వున్న ఆ దేశపు గొర్రెలు 1903 నాటికి దాదాపు సగానికి పడిపోయినవి. కరువు అన్ని గొర్రెలనూ చంపింది, నిజమే. కాని ముడతల గొర్రె పరువు ఆ కరువుతోనే పోయింది. వాంగనెల్లా వద్ద పెపిన్ కుటుంబం 1861 నుంచి పెంచుతూ వచ్చిన, పొడుగు ఒళ్ళు గల గట్టి మెరినో రకమే ఆ దేశంలో ఎక్కువగా నిలిచింది. ముడతల గొర్రెలు తెచ్చిన ఈగల బాధ మాత్రం అక్కడి మందలను ఇప్పటికీ పూర్తిగా వదలలేదు.

అమెరికాలో జరిగింది వింటే నవ్వాలో ఏడ్వాలో తెలియదు. 1950 ప్రాంతంలో అక్కడి ప్రదర్శనలలో కురచ పశువుకే కిరీటం. హెర్‌ఫర్డ్ అనే మాంసపు జాతిలో గిటక కోడెలను ఏరి ఏరి వుంచినారు. ఆ గిటకతనం వెనుక మరుగుజ్జు దోషం దాగి వున్నది. అటువంటి రెండు కలిసేసరికి బ్రతకలేని మరుగుజ్జు దూడలు పుట్టసాగినవి. గాలి తిరిగి, 1970లు దాటేసరికి పొడుగు కాళ్ళకు మోజు వచ్చింది. సఫోక్ అనే నల్లమొగం గొర్రెల్లో ప్రదర్శనకు పొడుగు పొట్టేళ్ళనే ఎంచినారు. ఈసారి కాళ్ళు సాలెపురుగు కాళ్ళలా వంకర తిరిగి, నిలబడలేని పిల్లలు పుట్టినవి. తండ్రి నుంచి ఒక వంతు దోషం వస్తే కాళ్ళు కాస్త పొడుగు, బహుమతి ఖాయం. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తే పిల్ల దక్కదు. తరువాత శాస్త్రజ్ఞులు ఆ జన్యువును పట్టుకొని, రక్తపరీక్ష కనిపెట్టిన మీదట అది అదుపులోకి వచ్చింది. ముప్పై ఏండ్లలో ఒకే దేశం కురచకూ దండ వేసింది, పొడుగుకూ దండ వేసింది, రెండుసార్లూ మూల్యం రైతే కట్టినాడు.

ఈ సఫోక్ పొట్టేళ్ళు మన దగ్గరికీ వచ్చినవి. 1971లో మొదలైన అఖిల భారత గొర్రెల పరిశోధన పథకం క్రింద చిత్తూరు జిల్లా పలమనేరులో నెల్లూరు, మండ్య గొర్రెల మీద సఫోక్, డార్సెట్ పొట్టేళ్ళను వేసి చూసినారు. ఆ సంకర పిల్లలు మన ఎండకూ మన మేతకూ దేశవాళీ గొర్రెను మించి నిలిచే జాతిగా రైతు మందలలో స్థిరపడలేదు. 1990 ప్రాంతంలో దారి మార్చినారు. పై రక్తం తేవటం మాని, దేశవాళీ జాతిని దానిలోనే ఏరి బాగుచేసే నెట్‌వర్కు పథకం ఆరంభమైంది. నెల్లూరు గొర్రెకు పలమనేరు, దక్కనీకి మహారాష్ట్రలోని రాహురి కేంద్రాలైనవి. అక్కడ మాంసపు జాతి పొట్టేలును ఏరటానికి మొదట చూసేది ఆరు నెలల వయసులో దాని బరువు. మెడ క్రింద లోలకులు కావు, అంగుళాలు కావు.

ఇంతకూ చూపులకు ఏ విలువా లేదా అంటే, వున్నది. బక్రీదుకు కొమ్ము విరగని, చెవి చిరగని, నిండైన పొట్టేలుకు వచ్చే ధర మీకు తెలుసు. జాతరకు రంగు అడిగేవారున్నారు. అటువంటి బేరానికి రెండో మూడో పొట్టేళ్ళను వేరుగా కట్టి మేపి అమ్ముకోండి, అది మంచి వ్యాపారమే. ఆ ధర ఆ ఒక్క జీవానికి వచ్చేది. ఏడాది పొడుగునా ఇల్లు నడిపేది ముప్పై గొర్రెలు ఈనిన పిల్లలు. పండుగకు అమ్మే పొట్టేలును ఎంచే కన్ను వేరు, మందలో విడిచే పొట్టేలును ఎంచే కన్ను వేరు. ఒకదానితో రెండు పనులూ చేయబోయి చెడుతున్నాం.

మరొక ముచ్చట. బెంగాలు సుందరవనాలలో గరోల్ అనే గొర్రె వున్నది. పెద్దదయినా 10, 15 కిలోలకు మించదు. మన సంతకు తెస్తే మేకపిల్ల అనుకొంటారు. 1792, 93లలో కలకత్తా నుంచి ఓడల్లో సిడ్నీకి బెంగాలు గొర్రెలు కొన్ని పోయినవి. నూరేండ్లు దాటినాక ఆస్ట్రేలియాలో బూరూలా అనే చోట సియర్స్ అన్నదమ్ముల మెరినో మందలో గొర్రెలు రెండేసి, మూడేసి పిల్లల్ని ఈనుతుండేవి. వారు అటువంటి వాటినే ఏరి వుంచినారు. 1958లో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు ఆ మంద నుంచి కొన్నిటిని తీసుకొని పరిశీలించినారు. 2001లో దానికి మూలమైన జన్యువు దొరికింది. మరుసటి ఏడు చూస్తే అదే జన్యువు గరోల్ గొర్రెలో వున్నది! మహారాష్ట్రలో ఫల్టన్ వద్ద నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థవారు 1990లలో గరోల్ పొట్టేళ్ళను తెచ్చి దక్కనీ గొర్రెలతో కలిపి, ఒళ్ళు దక్కనీది, కవలల గుణం గరోల్‌ది వచ్చేటట్లు తరాలుగా ఏరి ‘నారి సువర్ణ’ అనే గొర్రెను తీర్చినారు. మనం వద్దని వదిలేస్తున్న నల్ల గొర్రే దానికి పునాది. అయితే కవలలకు పాలు చాలవలె, తల్లికి చూడి చివరి నెలల్లో దాణా పెట్టగలగవలె. పత్తి విత్తనాల చేలు పెరిగి, బీళ్ళు తరిగిన మన గద్వాల ప్రాంతంలో మేత సంగతి తేల్చుకోకుండా కవలలకు ఆశపడవద్దు.

కవలలంటే గుర్తుకు వచ్చింది. లెక్క ఒకటి వేసి చూడండి. ఒక గొర్రె ఒంటి పిల్లను ఈని, మూడు నెలలకు దానిని 14 కిలోలు చేసిందనుకుందాం. మరొకటి ఇద్దరిని ఈని, ఒక్కొక్కటి 10 కిలోలు చేసింది. పిల్లలను విడివిడిగా చూస్తే 14 కిలోలదే కంటికి ఆనుతుంది, 10 కిలోలది ఈసడించుకొంటాం. తల్లిని చూస్తే రెండవది 20 కిలోలు యిచ్చింది. అందుచేత పిల్ల బరువు వ్రాసేటప్పుడు పక్కనే ఒంటిదో జంటదో, తల్లి ఎవరో కూడా వ్రాయవలెను. వ్రాత రాకపోతే బడికి పోయే పిల్లవాని చేత వ్రాయించండి. చెవికి నంబరు బిళ్ళ లేకపోతే తల్లికీ పిల్లకూ ఒకే రంగు దారం కట్టినా సరే. పల్లెల్లో తిరిగే మా తోటి ఉద్యోగులకు కూడా మనవి: టీకాకు పోయిన రోజున సంచీలో ఒక కొక్కెం కాటా వేసుకొని పోండి.

ఈ ఏడు ముంగారు వానలకు గొర్రెలు ఎదకు వచ్చేముందు మందలో విడిచే పొట్టేలును వెనుకనుంచి చూడండి. వృషణాలు రెండూ సమానంగా, నిండుగా, గట్టిగా వున్నవా? చేతితో వీపు అదిమి చూడండి, వెన్నెముకకు రెండు వైపులా కండ తగులుతున్నదా? దాని తల్లి ఏటా ఈని పిల్లను దక్కించుకొన్నదా? పాతిక ముప్పై గొర్రెలకు ఒకటి చాలు. రెండేండ్లయినాక పొరుగు వూరి మందతో మార్చుకొంటే దాని బిడ్డలనే అది దాటే బాధ వుండదు. గొర్రె మోసేది అయిదు నెలలు. సంక్రాంతికి నెల ముందు పుట్టిన పిల్ల ఉగాది నాటికి మూడు నెలలది అవుతుంది. ఆ వారంలో బేరగాడు రాకముందే మగపిల్లలన్నిటినీ తూచి, ఒంటివాటిలోనూ జంటవాటిలోనూ బరువైనవి నాలుగు ఏరి, వాటి చెవికి గుర్తు వేసి, మిగిలిన వాటినే అతనికి చూపించండి.